విరామవేళ: దూరమునుండియే గూడబాతు

గత మాసమున మాకందిన జాబులలో నొకటి ఈ నెల శీర్షికనంతయు నాక్రమించుకొన్నది. వ్రాసినది నెల్లూరు ప్రాంతపు సోదరి యొకతె. చీటీ పాడుకొన్న సొమ్ముతో ఆమె 400 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్సు కొన్నది. రెండు పర్యాయములు నేలపట్టు పోయి గూడబాతుల చిత్రములు తీసినది. తెచ్చిన వందలాది చిత్రములలో ఒక్క పక్షి కన్నైనను స్పష్టముగా లేదట. లెన్సు నమ్మివేయుమని ఇంటివారు చెప్పుచున్నారు. కట్ట దిగి చెట్ల చెంతకు పోయినచో చిత్రము బాగుగా వచ్చునని వెంట వచ్చిన బంధు వొకరు చెప్పుచున్నారు. ఈ రెండు సలహాలలో దేనిని పాటింపవలెనని ఆమె ప్రశ్న. రెంటిని గూడ పాటింపవలదని మా యుత్తరము.

రెండవ సలహా హానికరమైనది గనుక దాని సంగతి ముందు చెప్పెదము. సూళ్లూరుపేటకు సమీపముననున్న నేలపట్టు చెరువునందు నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచును. 1976లో ఆ చోటును సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. మనిషి దగ్గరకు వచ్చినపుడు తల్లిపక్షి లేచిపోవును. రెక్కల నీడ తొలగినంతనే ఈకలు రాని పిల్లలు ఎండకు మాడును. గ్రుడ్లకై కాకులు పొంచియే యుండును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గూళ్లను, గ్రుడ్లను కదలించుటను గూడ వేటయందే చేర్చినది. బాలింత గదిలోనికి పరాయివారిని పోనీయని మన యిండ్లలో ఈ విషయమును ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు. దూరమున నిలిచి దగ్గరగా చూచుటకే గదా టెలిఫోటో లెన్సు పుట్టినది!

ఇక అస్పష్టత మాట. చిత్రము చెడుటకు కారణ మేదో ఆ చిత్రమే చెప్పును. దానిని పెద్ద తెరపై పూర్తి పరిమాణమున చూడవలెను. ప్రతి చుక్కయు ఒకే దిక్కునకు గీతవలె సాగియున్నచో చేయి కదలినదన్నమాట. కొమ్మ స్పష్టముగా నుండి రెక్క మాత్రము చెదరియున్నచో కదలినది పక్షి. పక్షి ముందరి యాకో వెనుకటి రెమ్మయో తేటగా నుండి పక్షి మసకగా నున్నచో ఫోకసు తప్పినది. ఎక్కడను ఏదియు తేటగా లేక, అంచులన్నియు నీటిలోని నీడవలె వంకరలు పోయినచో దోషము మీది గాదు, లెన్సుది గాదు, అది గాలిది.

చేతి కదలికకు లెక్క కలదు. లెన్సు పక్షి నెంత పెద్దది చేయునో చేతి వణుకును గూడ అంత పెద్దది చేయును. అందుచే 400 మిల్లీమీటర్ల లెన్సుకు షట్టరు వేగము సెకనులో 400వ వంతుకంటె మందముగా నుండరాదని పాతకాలపు సూత్రము. చిన్న సెన్సారు గల కెమెరాలలో దానిని ఒకటిన్నరచే గుణింపవలెను. అనగా 600వ వంతు. ఇది నిలకడగల చేతికి చెప్పిన కనీసపు లెక్క. కొమ్మపై కూర్చున్న పక్షికి 1000వ వంతును, ఎగురుచున్న దానికి 2000వ వంతును పెట్టుట మేలు. లెన్సులోని వణుకు నాపు సాధనము మీ చేతినే గాని పక్షి రెక్కను ఆపజాలదు. అంతటి వేగమునకు వెలుతురు చాలనిచో ఐ.ఎస్.ఓ.ను 800కు గాని 1600కు గాని పెంచుటకు వెనుదీయకుడు. చిత్రమున ఇసుక చల్లినట్లు రవ్వలు కొన్ని కనబడును. రవ్వలను తరువాత కొంత తుడువవచ్చును. కదలిన చిత్రమును కుదుటబరచుట దుర్లభము.

ఆధారము కొరకు ముక్కాలిపీట కొనకముందు ఒక సంచి కుట్టుకొనుడు. పాత దుప్పటి గుడ్డనో, పిల్లలు విడిచిన జీన్సు కాలినో తీసికొని, జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు గల సంచి కుట్టి, ఒక ప్రక్క జిప్పు పెట్టి, ముప్పాతిక భాగము పెసలతో నింపవలెను. పూర్తిగా నింపినచో రాయివలె బిగిసి లెన్సును జార్చును. గోడపైనో, ఆపియుంచిన కారు కిటికీపైనో దీనిని పరచి లెన్సును అందులో ఒత్తి కూర్చుండబెట్టినచో అది పసిబిడ్డవలె కదలక యుండును. పెసలకు పురుగు పట్టును గనుక అప్పుడప్పుడు ఎండబోయుట మరువరాదు. కారు ఇంజను ఆపవలెను. వీక్షణ గోపురముపై నిలిచితిరేని ఇతరులు మెట్లెక్కునపుడు పలకలు కంపించును. వారి అడుగుల చప్పుడు అణగువరకు ఓపిక పట్టుడు. చేతితోనే తీయవలసివచ్చినచో ఎడమచేతిని లెన్సు క్రింద నుంచి, మోచేతులను ప్రక్కటెముకల కానించి, ఊపిరి విడుచుచు మీటను మెల్లగా నొక్కవలెను. పైట చెంగును ముందుగా బిగించి దోపుకొనవలెను. గాలికి రెపరెపలాడు చెంగు చేతిని కదలించుటయే గాక పక్షులను గూడ బెదరించును.

ఫోకసు విషయమున చాలమంది లెక్క వేయరు. పెద్ద సెన్సారు గల కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, అపెర్చరు 5.6 వద్ద 10 మీటర్ల దూరమునందలి పిట్టను తీసినచో, స్పష్టముగా వచ్చు మందము ఇంచుమించు 20 సెంటీమీటర్లు, అనగా జానెడు. ముక్కు తేటయై కన్ను మసకయగుట ఇందువలననే. కెమెరా తన యిష్టము వచ్చిన చోటును ఎన్నుకొననీయక, ఒకే బిందువును నియమించి దానిని పక్షి కంటిపై నుంచవలెను. కంటిని తానే గుర్తించు క్రొత్త కెమెరాయైనచో ఆ సదుపాయమును వాడుకొనవలెను. వెల తక్కువ లెన్సులు పూర్తిగా తెరచినపుడు కొంత మెత్తదనము చూపును. వెలుతురున్నచో అపెర్చరు 8 పెట్టి చూడుడు. ముందుభాగమున రక్షణకై బిగించిన చవుకబారు అద్దపు ఫిల్టరు ఉన్నచో తీసివేయుడు. మంచి లెన్సును సైతము అది గ్రుడ్డిదాని జేయును.

గాలి మాట నందరును మరతురు. ఎండ ముదిరినకొలది నేల వేడెక్కి, వేడిగాలియు చల్లగాలియు పొరలుపొరలుగా కలసి మెలితిరుగును. ఎండవేళ తారురోడ్డుపై నీరున్నట్లు మెరయుట మీరు చూచియే యుందురు. లెన్సు ఎంత పెద్దదైన ఆ మెలికలు నంత పెద్దవియై కనబడును. వేలు పోసి కొన్న లెన్సు గూడ ఈ పొరలను చీల్చి చూడలేదు. మందు రెండే: సూర్యోదయమైన మొదటి రెండు గంటలలో పని ముగించుట, దూరపు పక్షిని విడిచి దగ్గరి గట్టుకు దానంతట వచ్చిన పక్షిని తీయుట. మా సోదరి రెండుసార్లును భోజనానంతరమే చెరువు చేరినట్లు జాబులో నున్నది. ఇంటిపని ముగియనిదే కదలుటకు వీలులేదని ఆమె వ్రాయకున్నను మేము గ్రహింపగలము. నెలకొక్క ఉదయమైనను ఆ యింటివారు కాఫీ తామే కాచుకొని ఆమెను పంపుట న్యాయము. మరియొక మాట: చల్లని గదినుండి తీసిన లెన్సుపై సముద్రతీరపు గాలి తగిలినంతనే మంచు పట్టును. అరగంటసేపు సంచిలోనే యుంచి పిదప బయటికి తీయవలెను.

దూరమునకును హద్దు కలదు. మీటరు ఎత్తు గల కొంగ 50 మీటర్ల దూరమున నున్నచో 400 మిల్లీమీటర్ల లెన్సు దానిని సెన్సారుపై 8 మిల్లీమీటర్ల బొమ్మగా వేయును. 100 మీటర్లయినచో 4 మిల్లీమీటర్లే. ఆ చిన్న బొమ్మను సాగదీసి గోడపటము చేయదలచుట అత్యాశ. చెరువును, చెట్టును, గూళ్లను కలిపి తీసిన చిత్రమే అప్పుడు మేలు. అట్లని చిన్న బొమ్మ వ్యర్థమని కాదు. 1911లో ఇంగ్లండునందలి నార్ఫోకు చిత్తడినేలలలో ఎమ్మా టర్నరు అను స్త్రీ బిట్టర్ను అను కొంగజాతి పక్షిపిల్లను ఛాయాచిత్రము తీసినది. ఇరువది యేండ్లకు పైగా ఆ దేశమున గూడు కట్టినట్లు జాడలేని పక్షి తిరిగి వచ్చినదనుటకు అదియే సాక్ష్యమైనది. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీవారు ఆమెకు స్వర్ణపతక మిచ్చిరి. కొన్ని పక్షుల కాలికి శాస్త్రజ్ఞులు తొడిగిన కడియపు సంఖ్య మీ చిత్రమున చదువ వీలైనచో దానివలన గూడ ప్రయోజనము కలదు.

ఇక లెన్సు నమ్ముటను గూర్చి. అమ్మకముందు ఇంటనే ఒక పరీక్ష చేయవలెను. గోడకు ఒక వార్తాపత్రికను అతికించి, పది పెద్ద అడుగుల దూరమున బల్లపై పెసల సంచి నుంచి, దానిపై కెమెరాను కూర్చుండబెట్టి, 2 సెకన్ల టైమరు పెట్టి చేయి తీసివేయుడు. పంకా ఆపుడు. అపెర్చరు 5.6 వద్ద నొకటి, 8 వద్ద నొకటి తీసి చిన్న యక్షరములను పరిశీలింపుడు. అక్షరములు తేటగా వచ్చినచో లెన్సు మంచిదే. ఉదయపు బండి వేళలు కనుగొనుడు. రెంటియందును మసకగా వచ్చినచో పూచీ గడువు ముగియకమునుపే, ఆ చిత్రములతోను రసీదుతోను కొన్న దుకాణమునకు తీసికొనిపోవలెను.