దవాఖాన చూసిన గాయం లెక్కకెందుకు రాదు?

2021లో రోడ్ల మీద 1,53,972 మంది చనిపోయారన్నది కేంద్ర సర్కారు లెక్క. అదే ఏడాదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కట్టిన అంచనా 2,16,618. నడుమ అరవై వేల పైచిలుకు మనుషులు ఎటు పోయినట్టు? చావుల సంగతే ఇట్లుంటే, కాళ్లు చేతులు విరిగి మంచాన పడ్డవాళ్ల గోస అడిగేదెవరు?

సర్కారు లెక్కకు మూలం పోలీస్ స్టేషన్. కానీ దెబ్బ తగిలిన మనిషిని ముందు తీసుకుపోయేది స్టేషన్‌కు కాదు, దవాఖానకు. హైదరాబాద్ మీద జరిగి 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, దవాఖానలో చేరేంతగా గాయపడ్డవాళ్లలో కూడా పోలీసుల దాకా పోయినవాళ్లు వందకు ఇరవై మంది లేరని ఇంటింటి సర్వేలో తేలింది. మరి మిగతావాళ్లు దవాఖాన రిజిస్టర్లోనన్నా ఉండాలి కదా? ఉంటారు. పేరుంటుంది, వయసుంటుంది, 'ఆర్‌టీఏ' అని మూడక్షరాలుంటాయి. ఎక్కడ జరిగింది, నడిచి పోతుంటే గుద్దిందా, బండి మీద ఉన్నాడా, హెల్మెట్ ఉందా, గుద్దింది లారీయా ఆటోనా? అవి మాత్రం చాలాచోట్ల ఉండవు.

కేస్‌షీట్లో తొడ ఎముక విరిగిందని రాస్తారు, ఎట్లా విరిగిందో రాయరు. రోగాల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-10లో గాయానికి ఎస్, టీ కోడ్‌లు, దానికి కారణమైన రవాణా ప్రమాదానికి వీ కోడ్ వేరే ఉన్నాయి. ఆ రెండో గడి ఖాళీగా వదిలితే ఆ మనిషి ఎముకల వార్డు పేషంటే తప్ప రోడ్డు బాధితుడు కాడు. ఎంఎల్‌సీ రిజిస్టర్ లేదా అంటారు. ఉంది, అది కోర్టు కోసం పుట్టింది. అందుకే లైసెన్సు లేనివాళ్లు, కేసంటే జంకేవాళ్లు 'జారి పడ్డా' అని రాయిస్తారు. ఎవరు మాత్రం స్టేషన్ల చుట్టూ తిరుగుతారు?

కోదాడ దగ్గర దెబ్బ తగిలితే ముందు అక్కడి దవాఖాన, అక్కడినుంచి సూర్యాపేట, ఆ తర్వాత హైదరాబాద్. మూడు రిజిస్టర్లలో ఒక్క మనిషే ముగ్గురవుతాడు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు పోతే రోడ్డు చావుగానే లెక్కించాలి. ఇరవయ్యో రోజు పట్నంలో ప్రాణం పోయిందన్న కబురు మొదటి రిజిస్టర్‌కు చేరవేసేదెవరు? 2021లో మొదలైన ఐరాడ్‌లో దవాఖానకూ చోటుంది, మొదటి ఎంట్రీ మాత్రం పోలీసుదే.

మేం నర్సులను, డ్యూటీ డాక్టర్లను తప్పుపట్టడం లేదు. నెత్తురు కారుతున్న మనిషిని పక్కన పెట్టి ఫారం నింపమనడం అన్యాయం. మనుషులను ఇవ్వకుండా ఫారాలు మాత్రం పంపే అధికారులతోనే మా పేచీ.

ఎందుకింత రచ్చ అంటే, 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో ఉన్న 5 ప్రమాదాలు, లేదా 10 చావులు లెక్కకొస్తేనే అది బ్లాక్ స్పాట్. లెక్కకు రాని మలుపుకు బోర్డు రాదు, లైటు రాదు. అక్కడే ఇంకొకరు పడతారు.

క్యాజువాలిటీలో షిఫ్టుకొక డేటా ఎంట్రీ ఉద్యోగిని పెట్టాలి. పోలీసు కేసుతో ముడిపెట్టకుండా, పేర్లు తీసేసి, ఆ లెక్కను నెలనెలా రోడ్ల శాఖకు పంపాలి. రిజిస్టర్ విలువ ఉద్యోగ మిత్రులకు మేం చెప్పాల్సిన పని లేదు. మెడికల్ కాలేజీ విద్యార్థులారా, ఈ నెల మీ క్యాజువాలిటీలో 'ఎక్కడ, ఎట్లా' అన్న గడి ఎన్ని కేసుల్లో ఖాళీగా ఉందో లెక్కపెట్టి సూపరింటెండెంట్ ముందు పెట్టండి.