‘వయసైపోయింది’ అనే తీర్పు

ఎనభయ్యేళ్ళు దాటిన మనిషికి గుండెపోటు వస్తే మన సమాజం ఒక మాట సిద్ధంగా ఉంచుకొన్నది: “వయసైపోయింది.” ఈ మాటలో వైరాగ్యమున్నదని కొందరి భ్రమ. ఉన్నది డబ్బు లెక్క. అదే వయసుగల ధనికుడికి ఈ వేదాంతం ఎవ్వరూ బోధించరు. ఆయన కారు హైదరాబాదుకు పరుగెత్తుతుంది. టేకులపల్లి అడవి అంచున, కోయగూడెంలోనో లంబాడీ తండాలోనో పడివున్న ముసలమ్మకు మాత్రమే వయసైపోతుంది!

శాస్త్రం ఈ తీర్పును సమర్థించదు. 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధన 17,187 మంది రోగులపై జరిగింది. గుండెపోటు వచ్చిన తొలి రోజునుండి నెలపాటు ఇచ్చిన ఆస్పిరిన్, గుండె, రక్తనాళాల జబ్బులవల్ల కలిగే మరణాలను అయిదింట ఒక వంతుకు పైగా తగ్గించింది. రక్తపు గడ్డను కరిగించే మందు తోడైతే మేలు మరింత పెరిగింది. ఒక ఆస్పిరిన్ మాత్ర ఖరీదు కప్పు చాయకు మించదు. మరి పేదరాలికి అడ్డుపడుతున్నది వయసేనా?

వృద్ధులకు చాలాసార్లు గుండెలో నొప్పి రాదు. ఆయాసం, నీరసం, మతి తప్పడం, సొమ్మసిల్లడం — ఇవే లక్షణాలు. ఇంటివారు ముసలితనమనుకొంటారు. ఇ.సి.జి. తీసి చూడనిదే నిజం బయటపడదు.

“పండుటాకులను ఆపరేషన్లతో హింసించాలా?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నాళం పూర్తిగా మూసుకుపోని రకం గుండెపోటు వచ్చిన 75 ఏళ్ళు, ఆపై వయసువారు 1,518 మందిని బ్రిటన్‌లో పరిశీలించి, 2024లో సీనియర్-రీటా ఫలితాలు ప్రకటించారు. మందులకు తోడు యాంజియోగ్రాం, అవసరమైతే స్టెంటు చేసినా, గుండెజబ్బు మరణాలూ మళ్ళీ వచ్చే పోట్లూ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రాణాపాయం లేని మరుపోట్లు మాత్రం కొంత తగ్గాయి. కనుక కొందరికి మందులే చాలు. కాని మందులు చాలుననడం వేరు, వైద్యమే వద్దనడం వేరు! నాళం పూర్తిగా మూసుకుపోయిన రకంలోనైతే ప్రతి నిమిషమూ గుండె కండరాన్ని తింటుంది.

కనబడ్డ ప్రతి ముసలివాడికీ స్టెంటు వేసే వ్యాపారీ, వద్దని పంపివేసే ఉదాసీనుడూ ఒక్క తాను ముక్కలే. ఇద్దరూ రోగిని అడగరు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2024లో డెబ్భై నిండిన వారందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. మంచిదే. కాని కార్డు మనిషిని మోసుకుపోలేదు. అర్ధరాత్రి కూడా ఇ.సి.జి. తీసి చదవగల మనిషీ, గడ్డ కరిగించే మందూ, వెంటనే కదిలే బండీ మండల కేంద్రంలోనే ఉండాలి. ఆ తరువాత ఆ ముసలమ్మ తన భాషలో విని, “వద్దు” అంటే అది ఆమె హక్కు. అంతకు ముందే ఆమె తరఫున “వద్దు” అనే అధికారం మనకెవరిచ్చారు?