అమ్మమ్మ లెక్క

వేసవి సెలవులకు పిల్లలంతా చేరిన ఇంట్లో, బంతిభోజనాల వేళ అమ్మమ్మను ఎప్పుడైనా గమనించారా? వడ్డన అయ్యాక వరస ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఓసారి చూసుకుంటుంది. ఎంతమంది వచ్చారన్నది ఆవిడకు తెలియంది కాదు. ఎవరు తక్కువయ్యారో, కూర్చున్నవాళ్లలో ఎవరి కంచంలో అన్నం అలాగే ఉండిపోయిందో తెలుసుకోవాలి. ఒకడికి ఒళ్లు వెచ్చగా ఉంటుంది. ఒకతె పొద్దున్నుంచీ అలిగి పెరట్లో కూర్చుని ఉంటుంది. మిగతావాళ్లంతా కడుపునిండా తిన్నారు కదా అని ఆవిడ సరిపెట్టుకోదు. ఆ తినని బిడ్డ సంగతేమిటో తేలేదాకా తను ముద్ద ముట్టదు.

కెనడా పడమటి తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఈ చూపు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. అక్కడి కతునాహా అనే మూలవాసీ జాతికి చెందిన గ్వెన్ ఫిలిప్స్, సర్కారు జనం వివరాలు రాసుకునే తీరు గురించి మాట్లాడుతూ రెండు చూపులకు తేడా చెప్పారు. మనుషులను అదుపులో ఉంచడానికి నిఘా వేసే పెద్దన్న చూపు ఒకటి. వాళ్ల మంచిచెడ్డలు పట్టించుకోవడానికి తెలుసుకోవాలనుకునే అమ్మమ్మ చూపు ఇంకొకటి. రాష్ట్ర మానవ హక్కుల కమిషనర్ కసారి గోవెందర్ ఆ మాటను భద్రంగా అందుకున్నారు. జాతుల వారీగా వివరాల సేకరణపై 2020 సెప్టెంబరులో తామిచ్చిన నివేదిక పేరులోనే ‘అమ్మమ్మ చూపు’ను చేర్చారు. సర్కారుకు చేరే నివేదికల్లో ఇంత ఇంటి వాసన ఉన్న పేరు మేమెక్కడా చూడలేదు. మరో రెండేళ్లు తిరక్కుండానే, 2022 జూన్‌ 2న, జాతి వివక్షను గుర్తించి తొలగించడం కోసమే వివరాలు సేకరించాలనే చట్టం అక్కడ అమల్లోకి వచ్చింది.

పట్టించుకునే చూపు లేనప్పుడు ఏం జరుగుతుందో అదే దేశంలో అందరికీ తెలిసిన కథ ఒకటి ఉంది.

2008 సెప్టెంబరులో విన్నిపెగ్‌ నగరంలో బ్రయన్‌ సింక్లెయిర్‌ అనే 45 ఏళ్ల మూలవాసి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చాడు. రెండు కాళ్లూ లేవు. చక్రాల కుర్చీలో ఉన్నాడు. మూత్రాశయంలో ఇన్ఫెక్షన్‌. గొట్టం మార్చి మందులిస్తే తగ్గిపోయే జబ్బు. కానీ వైద్యం కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో అతని పేరు ఎక్కలేదు. ఆ గదిలో అలాగే కూర్చున్నాడు. వాంతులు చేసుకున్నాడు. పక్కనున్నవాళ్లు చూడలేక సిబ్బందికి చెప్పారు కూడా. తాగి పడుకున్నాడేమోనని కొందరు, తల దాచుకోను చోటు లేక వచ్చాడేమోనని కొందరు అనుకున్నారు. 34 గంటల తర్వాత ఎవరో దగ్గరకు వెళ్లి చూసేసరికి ప్రాణం పోయి ఉంది.

ఆ గదిలో ఉన్నవాళ్లంతా చెడ్డవాళ్లని మేం అనుకోవడం లేదు. వాళ్లలో చాలామంది ఆ రాత్రి ఇంకెందరినో బతికించే ఉంటారు. ఒక మనిషిని చూడగానే మనసులో ఏదో అనేసుకుని, ఆ అనుకున్నదాన్నే నిజమని నమ్మి, పక్కనుంచి నడిచి వెళ్లిపోవడం ఎవరి చేతనైనా జరిగే పనే. అందుకే అది భయపెడుతుంది.

ఇలాంటిది బయటపడిన ప్రతిసారీ ‘ఎక్కడో ఒకచోట జరిగింది’ అనే మాట వినిపిస్తుంది. అన్నవాళ్లు కావాలని అబద్ధం ఆడరు. వాళ్లకు కనిపించింది ఒక్కటే. పడ్డవాళ్లకూ అంతే, ఎవరికి వారికి తమది ఒక్కటే కథ. ‘నేనే సరిగ్గా చెప్పుకోలేకపోయాను’, ‘నా బట్టలు బాగోలేవేమో’, ‘నా ఖర్మ’ అనుకుని ఇంటికెళ్లిపోతారు. ఇంకోసారి నొప్పి వచ్చినా ఆసుపత్రి గడప తొక్కరు. బ్రిటిష్ కొలంబియాలో 2020లో ఆరోగ్య సేవల మీద సమీక్ష జరిపి వేలమందిని పలకరించారు. ప్రశ్నలకు జవాబిచ్చిన మూలవాసుల్లో నూటికి 84 మంది వైద్యం దగ్గర తాము ఏదో ఒక రూపంలో వివక్షకు గురయ్యామన్నారు. తన ఒక్కడి ఖర్మ అనుకున్న మనిషి ఆ అంకె చదివితే గుండె ఎంత బరువెక్కుతుందో, అదే క్షణాన ఎంత తేలికపడుతుందో ఊహించండి. తప్పు తనలో లేదని అతనికి మొదటిసారి ఎవరో కాగితం మీద రాసిచ్చినట్టే కదా.

కోవిడ్‌ రోజుల్లో టొరంటోలోనూ లెక్క వేశాకే అసలు సంగతి బయటపడింది. మొత్తం కేసుల సంఖ్య మాత్రమే చూస్తున్నంతకాలం ఆ జబ్బు అందరినీ ఒకేలా పట్టుకుంటోందనిపించింది. రోగులను ఏ జాతివారని అడిగి రాసుకోవడం మొదలుపెట్టాక, 2020 జులైలో వెల్లడించిన లెక్కల్లో కోవిడ్‌ సోకినవాళ్లలో 83 శాతం తెల్లవారు కానివాళ్లేనని తేలింది. నగర జనాభాలో వాళ్లు 52 శాతం. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాలు కావు వాళ్లవి. బస్సులెక్కి వెళ్లి, గోదాముల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసి, ఇరుకు ఇళ్లకు తిరిగొచ్చేవాళ్లు. మరుసటి ఏడు వేసవికి ముందు, జేన్‌-ఫించ్‌ లాంటి పేటల్లోకి టీకా శిబిరాలే నడిచి వెళ్లాయి. ఫలానా పేటలో ఫలానావాళ్లు వెనకబడిపోయారని తెలిశాకే ఎవరైనా అక్కడికి వెళ్లగలిగేది.

ఇంత మేలున్నప్పుడు జనం వివరాలు చెప్పడానికి ఎందుకు తటపటాయిస్తారు? తటపటాయించడానికి వాళ్లకు బలమైన కారణమే ఉంది. లెక్కపెట్టడం వాళ్లకు కొత్త కాదు. ఆ లెక్కల చేతుల్లో నలిగినవాళ్లు వాళ్లు.

కెనడా పసిఫిక్‌ తీరంలో ఉండే జపాన్‌ సంతతివారిలో 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ పేరు నమోదు చేయించుకోవాలని 1941లో హుకుం వచ్చింది. ఫొటో, వేలిముద్ర ఉన్న కార్డు జేబులో ఉండాలి. వాళ్లలో చాలామంది అక్కడే పుట్టి, అక్కడి బళ్లలోనే చదువుకున్నవాళ్లు. చెప్పినట్టే వరసలో నిలబడి కార్డులు తీసుకున్నారు. మరుసటి ఏడాది సుమారు 22,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించి లోపలి ప్రాంతాలకు తరలించారు. వెళ్లేముందు కొన్నాళ్లు చాలామందిని వాంకూవర్‌లోని హేస్టింగ్స్‌ పార్కులో, పశువుల కొట్టాల్లో ఉంచారు. వాళ్ల పడవలూ పొలాలూ అమ్మేశారు. 1949 దాకా తీరానికి తిరిగి రానివ్వలేదు.

అంతకు చాలా ముందే, దేశంలోకి వచ్చే చైనావాళ్ల దగ్గర తలపన్ను వసూలు చేశారు. 1885లో తలకు 50 డాలర్లు. 1903 నాటికి 500. పన్ను కట్టిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, వయసు, ముఖం మీద మచ్చలతో సహా రిజిస్టర్లలో ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు. ఆ శ్రద్ధ వాళ్ల బాగు కోసం కాదు. ఇవాళ వాళ్ల మునిమనవలు ఆ రిజిస్టర్లనే తిరగేస్తూ తాతగారి ఊరేదో, ఆయన ఏ ఏడు ఓడ దిగారో వెతుక్కుంటున్నారు.

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉండే ఇన్యూట్‌ జనానికి అప్పట్లో ఇంటిపేర్ల ఆచారం ఉండేది కాదు. వాళ్ల పేర్లు పలకడం, రాయడం అధికారులకు కష్టమైంది. దాంతో 1941 నుంచి ఒక్కొక్కరికీ నంబరు చెక్కిన చిన్న బిళ్ల ఇచ్చి మెళ్లో వేసుకోమన్నారు. కాగితాల్లో ఆ నంబరే మనిషి. 1968 తర్వాత అబ్రహం ఓక్పిక్‌ అనే ఇన్యూట్‌ పెద్దమనిషి మంచులో ఊరూరూ తిరిగి, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, మీకు ఏ ఇంటిపేరు కావాలో మీరే చెప్పండని అడిగి రాసుకొచ్చాడు. ఆ ప్రయాణం గురించి తలచుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. ఆయన చేసిందీ వివరాల సేకరణే.

మనవాళ్లకూ ఆ తీరంతో పాత లెక్క ఉంది. 1914లో కొమగటమారు ఓడలో 376 మంది వాంకూవర్‌ రేవుకు చేరితే, 24 మందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. రెండు నెలలు నీళ్లమీదే ఉంచి వెనక్కి పంపేశారు. అక్కడ స్థిరపడిన భారతీయులకు 1907లో పోయిన ఓటు 1947లో గానీ తిరిగి రాలేదు.

ఇక్కడ మన సంగతి మాత్రం వేరా? దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, ఊరు చకచకా రాసుకుంటూ పోయే కలం, కులం అన్న గడి దగ్గర చాలామంది చేతుల్లో ఓ క్షణం ఆగుతుంది. అద్దె ఇంటి కోసం వెళితే గేటు దగ్గరే ‘మీరేవిట్లు?’ అని అడిగినవాళ్ల మొహం గుర్తొస్తుంది. కాలేజీలో మొదటి రోజు ర్యాంకు ఎంతని అడిగి, జవాబు విని అదోలా నవ్విన తోటి విద్యార్థి గుర్తొస్తాడు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ వచ్చి కులం అడిగినప్పుడు కొన్ని ఇళ్లలో గట్టిగా, గర్వంగా చెప్పారు. కొన్ని ఇళ్లలో కాస్త గొంతు తగ్గించి చెప్పారు. ఆ తగ్గిన గొంతు వెనక ఏ పాత గేటు ఉందో వచ్చినవాళ్లకు తెలియదు. బయటికి నెట్టడానికి అడిగిన ప్రశ్ననే, లోపలికి పిలవడానికీ అడగాల్సి వస్తుంది. విన్నవాళ్లకు రెండూ ఒకేలా వినిపిస్తే తప్పు వాళ్లది కాదు.

బ్రిటిష్ కొలంబియా చేసిన పనిలో మాకు నచ్చింది ఈ భయాన్ని చిన్నచూపు చూడకపోవడం. చట్టం రాసేముందు 13,000 మందికి పైగా జనంతో మాట్లాడారు. మూలవాసులతో కలిసి కూర్చుని రాసిన తొలి చట్టాల్లో ఇదొకటి. వివక్షను తొలగించే పనికి తప్ప మరి దేనికీ ఆ వివరాలు వాడకూడదని అందులోనే రాసుకున్నారు. లెక్కలు బయటపెట్టేముందు, వాటివల్ల ఆ జనానికి చెడ్డపేరు వస్తుందేమో ఆలోచించాలి. మూలవాసుల పెద్దలకు ముందుగా చూపించాలి. ఈ జాగ్రత్తలు చిన్నవేం కావు. ఫలానా పిల్లలు బడి మధ్యలోనే మానేస్తున్నారని అంకె వేసి వదిలేస్తే, చదివినవాళ్లు ‘వాళ్లింతే’ అనేసుకుంటారు. బడి వాళ్లను ఎలా చూసిందన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. అంకె అదే అయినా, దాని వెనక సంగతి చెప్పేవాళ్లు లేకపోతే ఆ పిల్లలకే మరో దెబ్బ.

2023లో అక్కడ ఇళ్లకు సర్వే పత్రాలు పంపారు. జాతి, పూర్వీకులు, మతం, ఆదాయం వంటివి అడిగారు. ఇష్టముంటేనే చెప్పండన్నారు. 2 లక్షల మందికి పైగా చెప్పారు. వాళ్లలో మెళ్లో బిళ్ల వేసుకున్నవాళ్ల పిల్లలు ఉండి ఉంటారు, జేబులో వేలిముద్ర కార్డు పెట్టుకున్నవాళ్ల మనవలు ఉండి ఉంటారు. అంత జరిగాక కూడా మరోసారి తమ వివరాలు నమ్మి చేతికివ్వడం వాళ్ల పెద్దమనసు. ఆ నమ్మకానికి బదులు ఇంకా పూర్తిగా అందలేదు. ఏటా జూన్‌ 1లోగా లెక్కలు బయటపెట్టాలని చట్టంలో ఉంది. లెక్కలు వస్తూనే ఉన్నాయి. ఆసుపత్రిలో ఎదురుచూసే గదులు మారడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది.

కెనడాలోని సర్రేలో, బర్నబీలో, టొరంటోలో మన పిల్లలు ఎందరో ఉన్నారు, కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు. ఇక్కడ మన వాకిళ్లకూ జనగణన చేసేవాళ్లు వస్తారు, ఈసారి కులం కూడా అడుగుతారు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇదంతా ఎందుకోసమని అడగండి. అది మీ హక్కు. విన్నాక, మీకు కొత్తగా ఒరిగేదేమీ లేదనిపించినా, మీకంటే వెనక నిలబడినవాళ్ల కోసం నిజం చెప్పండి.