డ్రైవర్ వెతికే ముందు నంబరు చూడండి

శ్రీకాకుళం రోడ్ రైల్వేస్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. కోడ్ సీహెచ్ఈ. బ్రిటిష్ పాలనలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. బోర్డు మీద పేరు మారినా కోడ్ మారలేదు. కంప్యూటర్ లోపలి భాగాలకూ ఇలాంటి మారని కోడ్ ఒకటి ఉంటుంది. విండోస్ మళ్లీ వేశాక డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ అని కనబడితే, మనవాళ్లు ఆ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ కోసం లాప్‌టాప్ మూత మీది బ్రాండు పేరుతో వెతకడం మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతుంది. ఒకే మోడల్‌లో కొన్నింటికి ఇంటెల్ వై-ఫై కార్డు, కొన్నింటికి రియల్‌టెక్‌ది ఉండొచ్చు. ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డిటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ దాకా వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. ‘వెన్’ పక్కనున్న నాలుగు అంకెలో అక్షరాలో తయారీదారుకు, ‘డెవ్’ పక్కనున్నవి చిప్‌కు గుర్తు. 8086 అంటే ఇంటెల్ (1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరూ అదే, ఎవరి సరదానో మరి), 10ఈసీ అంటే రియల్‌టెక్. యూఎస్‌బీ పరికరాలకైతే విడ్, పిడ్ అని ఉంటాయి.

విండోస్ అప్‌డేట్ తనే చూసుకుంటుంది కదా అంటారు. చాలాసార్లు చూసుకుంటుంది, నిజమే. కానీ వై-ఫై డ్రైవరే లేకపోతే అప్‌డేట్ దిగేదెలా? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఆ గండం సాధారణంగా గట్టెక్కుతుంది. ‘అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండగా ఇంత తంటా ఎందుకన్నది మరో వాదన. ఆ సాఫ్ట్‌వేర్‌కు అడ్మిన్ అనుమతి ఇవ్వాలి, అంటే యంత్రం తాళాలన్నీ అప్పగించినట్టే. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌బుక్కులు చేతికిచ్చే మీసేవ కౌంటర్‌లోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో ఆ పని చేయడం నా దృష్టిలో సౌలభ్యం కాదు, నిర్లక్ష్యం. నంబరు దొరికాక తయారీదారు సైట్ ఉంది, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ ఉంది.

ఇవన్నీ మెకానిక్ చూసుకోవాల్సినవి, కస్టమర్‌కెందుకు అనేవాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. రిపేరు చేయమని ఎవరూ అడగడం లేదు. ఫార్మాట్ కొట్టే ముందు ఆ ఐడీలు కాగితం మీద రాయించుకోవడం, ఉన్న డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం అడిగి చేయించుకోవచ్చు; అందుకు విండోస్‌లోనే కమాండ్ ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ఆగిపోయింది. 11కు మారే ఆఫీసుల్లో పాత ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు మొరాయించవచ్చు. వాటి నంబరు పట్టుకుని 11కు డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకుంటే, పాతదాన్ని ఉంచుకోవాలా, కొత్తది కొనాలా అన్నది కౌంటర్ ముందు క్యూ పెరగకముందే తేలిపోతుంది.