మా పాప పొట్టిదని ఫోన్ చెప్పింది

సంక్రాంతికి అక్క పాపని తీసుకుని ఏర్పేడు వచ్చింది. కనుమ మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నారు. నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. పిల్లల ఎదుగుదల చూసే యాప్ ఒకటి డౌన్‌లోడ్ చేశా. పాపని గోడకి ఆనించి టేపుతో కొలిస్తే 85.5 సెంటీమీటర్లు. పుట్టినరోజు, ఎత్తు కొట్టా. స్క్రీన్ మీద ఎర్ర చుక్క! వయసుకి తగ్గ ఎత్తు లేదంట.

అక్క ముఖం మాడిపోయింది. "నేను సరిగ్గా పెట్టడం లేదంటావా?" అంది. అవ్వ లేచి, "వాళ్లమ్మా అంతే ఉండె చిన్నప్పుడు. ఫోన్‌కి ఏం తెలుసురా?" అనింది. అక్క బావకి చెప్పింది, బావ వాళ్లమ్మకి చెప్పాడు. సాయంత్రానికల్లా ఏ టానిక్ కొనాలో కూడా ఆ ఇంటి నుంచి వచ్చేసింది.

తప్పు రాత్రికి దొరికింది. పాప పుట్టింది ఆగస్టు 3న. నేను 03/08 అని కొట్టా. ఆ యాప్‌ది అమెరికా పద్ధతి, ముందు నెల, తర్వాత తేదీ. దాని లెక్కలో పాప మార్చి 8న పుట్టింది! 29 నెలల పిల్ల కాస్తా 34 నెలలదైపోయింది. 34 నెలల ఆడపిల్ల 86.2 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే గిడసబారినట్టు లెక్క. 29 నెలలకైతే ఆ హద్దు 82.9. తేదీ మార్చగానే చుక్క పచ్చగా అయింది. ఈలోగా పాప ఒక్క మిల్లీమీటర్ కూడా పెరగలేదు.

ఆ హద్దులు యాప్ వాళ్లు పెట్టినవి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చినవి. ఆరు దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచి తయారుచేశారు, వాళ్లలో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. లెక్క గట్టిదే. దాంట్లోకి మనం వేసే అంకెల దగ్గరే వస్తుంది తంటా. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి. అదే బిడ్డని పడుకోబెడితే దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువొస్తుంది. హద్దు దగ్గరున్న బిడ్డకి ఎరుపో పచ్చో తేలడానికి అది చాలు. ఎలా కొలిచావని నా యాప్ ఒక్కమాట అడగలేదు.

మా ఇంట్లో ఒక పాప. దేశమంతా అంగన్‌వాడీల్లో 2021 మార్చి నుంచి ఈ లెక్కలన్నీ పోషణ్ ట్రాకర్‌లోకే పోతున్నాయి. 2023 అక్టోబర్‌లో గ్లోబల్ హంగర్ ఇండెక్స్, మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 18.7 శాతం మందికి ఎత్తుకి తగ్గ బరువు లేదంది. మా ట్రాకర్‌లో అది ఏ నెలా 7.2 శాతం దాటలేదని కేంద్రం జవాబిచ్చింది. సగానికి పైగా తేడా! ఒకటి సర్వే వాళ్లు కొలిచింది, రెండోది అంగన్‌వాడీకి వచ్చే పిల్లల్ని అక్కడి టీచర్ కొలిచింది. నా అనుమానం సాఫ్ట్‌వేర్ మీద కాదు. కుదురుగా నిలబడని పిల్లలు, పక్కన పొంగుతున్న అన్నం, తిరుగుతూనే ఉండే నెట్‌వర్క్, వీటి మధ్య ఒక్క మనిషి ఎంతమందిని మిల్లీమీటర్ తేడా లేకుండా కొలుస్తుంది?

మా ఊరి పక్కనే ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. అయినా ఆ రాత్రి అక్కకి ధైర్యం చెప్పింది ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన తల్లీబిడ్డల కార్డు. పుట్టినప్పటి నుంచి పాప బరువు చుక్కలు అందులో వరసగా ఉన్నాయి. విరేచనాలు పట్టుకున్న నెలలో గీత కాస్త కిందికి దిగింది, రెండు నెలలకి మళ్లీ ఎక్కింది. అక్క ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరుపుతూ చూసింది. తర్వాత పాపని పక్కలో వేసుకుని పడుకుంది.

టానిక్ మాత్రం బావ అప్పటికే కొనేశాడు. సీల్ తియ్యకుండా ఫ్రిజ్ మీద ఉంది.