బ్రోచర్ చదవని సాయంత్రం

పదిహేనేళ్ల కిందటి మాట. పని మీద ముంబయి వెళ్లినప్పుడు, టికెట్ ఒకటి మిగిలిందంటూ మిత్రుడొకరు నన్ను ఓ నృత్య ప్రదర్శనకు లాక్కెళ్లారు. చేరేసరికే ఆలస్యమైంది. చేతికిచ్చిన బ్రోచర్ విప్పేలోపే దీపాలు ఆర్పేశారు. ఎవరి ప్రదర్శనో, ఏ సంప్రదాయమో తెలియకుండానే కూర్చున్నాను.

తెల్ల పంచెలు, తలపాగాలు, మెడలో వేలాడే మద్దెలలతో కొందరు యువకులు వచ్చారు. మొదట వేళ్ల కొసలతో తాకారు. రేకుల కప్పు మీద సన్న చినుకు పడుతున్నట్టుంది. చూస్తుండగానే అది ఉరుమైంది. వాయిస్తూనే గాల్లోకి ఎగిరి, గిర్రున తిరిగి నేలకు దిగారు. దరువు మాత్రం ఎక్కడా తెగలేదు. వాళ్ల మధ్య పొడవాటి అంగరఖాలో ఓ పెద్దాయన. ఆయన ఒక చెయ్యి పైకెత్తేలోగా వాళ్లు నాలుగు ఆవర్తాలు ముగించేశారు. ఇందులో కథేమిటని నా మనసు రెండు మూడుసార్లు అడిగింది. జవాబు రాకపోయేసరికి ఊరుకుంది. నేను నిజంగా చూడటం అప్పుడే మొదలైంది.

బయటికొచ్చాక బ్రోచర్ చదివాను. ఆ పెద్దాయన అస్తాద్ దేబూ. 1947లో నవ్‌సారిలో పుట్టిన పార్సీ. కథక్, కథకళి నేర్చుకుని, లండన్‌లో మార్తా గ్రాహం పద్ధతి, న్యూయార్క్‌లో హోసే లిమోన్ పద్ధతి అభ్యసించి, ఏ ఒక్కదానికీ కట్టుబడకుండా తన దారి తాను వేసుకున్నారు. నేను చూసిన కొన్నేళ్లకు, 2020 డిసెంబరులో కన్నుమూశారు. ఆ యువకులు మణిపూర్ పుంగ్ చోలోం కళాకారులు. పుంగ్ అంటే ఆ మద్దెలే. ఈ కళ అక్కడి వైష్ణవ సంకీర్తనలో భాగం. ఆ సంకీర్తనను తర్వాత 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా ముందే చదివి ఉంటే? మణిపురి అంటే లాలిత్యమని ఒక గడి, దేబూ అంటే ఆధునికమని ఇంకో గడి గీసుకుని, ఏ అడుగు ఎందులో పడుతుందో లెక్కపెడుతూ కూర్చునేవాణ్ని.

కూచిపూడి కచేరీల్లో ఆడేవారు వేరు, మృదంగం వాయించేవారు వేరు. అందుకే వాయించేవాడే ఆడటం నాకు వింతగా తోచింది. తిరుగు రైల్లో గుర్తొచ్చింది: మా జాతరలో డప్పు కొడుతూ అడుగులేసేవాళ్లు, ఒగ్గుడోలు కళాకారులు చేసేదీ అదేగా! ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తూ కూడా, వాళ్లది ఊరేగింపు సందడి అనుకున్నానే గానీ నాట్యమనుకోలేదు. నాకు తెలిసిందేలే అన్న ధీమా కళ్లకు అడ్డం పడింది.

చదవొద్దని అనడం లేదు. సంగతి తెలిస్తే రుచి పెరుగుతుంది. కాకపోతే ముందు చూపు, తర్వాత చదువు.

ఈ పత్రిక సంపాదకుడిగా ఈ వరుస నేనే తప్పాను. కవిత చేతికి రాగానే కింద పేరు, ఊరు, వచ్చిన అవార్డులు చూసి, ఏ వాదమో తేల్చుకుని, అప్పుడు మొదటి పాదానికి వెళ్లేవాణ్ని. పాఠకులకూ అదే అలవాటు చేశాం. అందుకే వచ్చే సంచిక నుంచి రచయితల పరిచయాలు రచనల పక్కన ఉండవు, చివరి పేజీలో ఉంటాయి. ముందు రచన చదవండి. ఎవరు రాశారో తర్వాత చూసుకోవచ్చు.