బ్రోకర్ చేతులు దులుపుకుంటే ఎలా?



అమెరికా ట్రక్కు ప్రమాదాలపై మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. సరుకుకు బండి కుదిర్చే బ్రోకర్ ట్రక్కు నడపడు కాబట్టి ప్రమాదంతో అతనికి సంబంధం లేదన్న వాదన సబబుగా లేదు. స్టీరింగ్ అతని చేతిలో ఉండదు, నిజమే. కానీ ఏ రవాణా సంస్థకు సరుకు అప్పగించాలో తేల్చేది అతనే.

వ్యాసకర్త 1994 నాటి ఫెడరల్ చట్టాన్ని ఆధారంగా చూపారు. బ్రోకర్ల ధరలు, మార్గాలు, సేవల్లో రాష్ట్రాలు తలదూర్చకూడదని అది చెబుతుంది. అయితే మోటారు వాహనాల భద్రతపై రాష్ట్రాల అధికారాన్ని అదే చట్టం కాపాడింది. ఆ మినహాయింపు కిందే 2020లో తొమ్మిదో సర్క్యూట్, 2025లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టులు బ్రోకర్లపై నిర్లక్ష్యపు దావాలను అనుమతించాయి. వ్యాసంలో మాత్రం 2023లో ఏడో సర్క్యూట్ వాటిని తోసిపుచ్చిన సంగతి ఒక్కటే కనిపించింది.

ఇక పరిహారం. సాధారణ సరుకు మోసే అంతర్రాష్ట్ర ట్రక్కు సంస్థకు ఉండాల్సిన కనీస బీమా 7,50,000 డాలర్లు. 1980ల నుంచీ అంతే. వెన్నెముక విరిగిన మనిషికి జీవితాంతం వైద్యం చేయించడానికి అది ఏ మూలకు? బ్రోకర్ చూపాల్సిన 75,000 డాలర్ల బాండు సరుకు యజమానులు, ట్రక్కు సంస్థల బకాయిల కోసమే తప్ప క్షతగాత్రుల కోసం కాదు.

బ్రోకర్ ముందుగా ఆరా తీద్దామన్నా చాలా చిన్న ట్రక్కు సంస్థలకు ప్రభుత్వ భద్రతా రేటింగ్ లేదన్నది ఒప్పుకోవాల్సిందే. అయినా వాటి తనిఖీలు, ప్రమాదాల వివరాలు ఫెడరల్ రికార్డుల్లో ఎవరైనా చూడవచ్చు.

ప్రతి ప్రమాదానికీ బ్రోకర్‌ను బోనెక్కించమనడం లేదు. కిరాయి తక్కువని రికార్డు చూడకుండా సరుకు అప్పగించినవాడు మాత్రం కోర్టులో జవాబు చెప్పాల్సిందే.

— ఒక పాఠకుడు, డాలస్